గీత పైకి వెళ్తోంది, పాఠకులు ఎటు వెళ్తున్నారు? ఒక పత్రికా ఎగుమతి కేసు

విదేశీ వాణిజ్య గణాంకాలు చదివి, వాటిని నమ్మి డబ్బు పెట్టబోయేవాళ్లకు అసలు సంగతి చెప్పడం నా పని. ముద్రిత పత్రికల ఎగుమతి మీద వచ్చిన ఈ కేసును రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇందులో ఏ అంకె తప్పు కాదు. కస్టమ్స్ వాళ్లు సరిగ్గానే నమోదు చేశారు, క్లయింట్ ఆ సరుకుకి కస్టమ్స్ వాడే సరైన కోడ్ కిందే డేటా తీశారు, కూడికలు సరిపోయాయి. అయినా వాటి నుంచి లాగిన అర్థం మాత్రం తలకిందులు. సంస్థనూ దేశాలనూ పత్రికలనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. క్లయింట్ ఉన్నది స్వదేశం, సరిహద్దుకు అవతలిది పొరుగు దేశం. రెండుచోట్లా ఒకే భాష చదువుతారు. ఆ ఒక్క వివరం లేకపోతే కథ అర్థం కాదు.

నేపథ్యం

క్లయింట్ ఒక మధ్యస్థాయి ప్రచురణ సంస్థ. సొంత మాసపత్రిక ఉంది, దాన్ని వేసుకోవడానికి సొంత ప్రెస్ ఉంది. కాగితం చుట్టల మీద వేగంగా అచ్చేసి, వేడితో సిరా ఆరబెట్టే హీట్‌సెట్ వెబ్ ఆఫ్‌సెట్ మిషన్ కాబట్టి మాసపత్రిక అచ్చు నెలలో కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. మిగతా రోజులకి బయటి పని కావాలి. ఒకప్పుడు కేటలాగ్‌లు, కరపత్రాలు ఆ ఖాళీని నింపేవి. అవి ఏటేటా తగ్గుతున్నాయి. సొంత పత్రిక సర్క్యులేషన్ కూడా నెమ్మదిగా దిగుతోంది. ప్రెస్ ఖాళీగా కూర్చున్న ప్రతి రోజూ జీతాలు, కరెంటు, వడ్డీ మాత్రం ఆగవు.

ఇలాంటి పరిస్థితిలో సంస్థ ఫైనాన్స్ విభాగం ఒక గ్రాఫ్ బయటికి తీసింది. స్వదేశం నుంచి పొరుగు దేశానికి పత్రికల ఎగుమతి విలువ ఎనిమిదేళ్లుగా పెరుగుతూ పోతోంది. ప్రపంచమంతటా ముద్రిత పత్రికల వ్యాపారం 2008 తర్వాత కుంగుతూ వచ్చింది, 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు మరింత పడింది. ఇక్కడ మాత్రం గీత ఎదురెక్కుతోంది. ఇది చూసి పొరుగు దేశపు పాఠకుల కోసం ప్రత్యేక ఎడిషన్ పెట్టాలని, దానికి కొత్త మిషన్ కొనాలని పథకం వేశారు. బ్యాంకు ప్రాజెక్ట్ రిపోర్ట్ అడిగింది. అందులో మార్కెట్ గురించిన భాగం రాయడానికి నన్ను పిలిచారు.

మొదటి సమావేశంలోనే యజమాని అడిగిన ప్రశ్న ఇది: "చదివేవాళ్లు లేకపోతే ఇన్ని పత్రికలు ఎవరు తెప్పించుకుంటారండీ? గ్రాఫ్ ఇంత క్లియర్‌గా ఉంటే ఇంకా అనుమానం ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. నేను వెంటనే కాదనలేదు, అవుననలేదు. పత్రికలు సరిహద్దు దాటడానికి చదివేవాళ్లు ఒక కారణం మాత్రమే. మిగతా కారణాలు ఏ పాటివో తేలాకే రిపోర్ట్ రాస్తానన్నాను.

ఆ కోడ్‌లో ఏముంది

ప్రపంచ కస్టమ్స్ వ్యవస్థలో దినపత్రికలు, వారపత్రికలు, మాసపత్రికలు, జర్నళ్లు అన్నిటికీ ఒకటే శీర్షిక, 4902. అందులో రెండు గదులు. వారానికి కనీసం నాలుగుసార్లు వచ్చేవి 4902.10, మిగతావన్నీ 4902.90. క్లయింట్ గ్రాఫ్ రెండో గదిది. "మిగతావన్నీ" అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. వారానికి ఒక్కసారి వచ్చే వార్తాపత్రిక, సినిమా వారపత్రిక, ఫ్యాషన్ మాసపత్రిక, మూడు నెలలకోసారి వచ్చే వైద్యశాస్త్ర జర్నల్ అన్నీ అక్కడే పడతాయి. ఒక కిలో వైద్య జర్నళ్ల ధరకి ఎన్నో కిలోల వారపత్రికలు వస్తాయి. జర్నళ్లు ఆన్‌లైన్‌కి వెళ్లిపోయిన మార్గాల్లో, మామూలు పత్రికలు ఒక్క కాపీ తగ్గకపోయినా ఈ గది విలువ కుప్పకూలిపోతుంది.

గది గోడలు కూడా పలచనే. పాత సంచికలను గట్టి అట్టతో బైండు చేస్తే 4901లోకి, అంటే పుస్తకాల్లోకి వెళ్తాయి. ఒకే కవర్ కింద ఒకటికి మించిన సంచికలు కలిపినా అంతే. పూర్తిగా ప్రకటనల కోసమే వేసిన "పత్రిక" 4911లోకి పోవాలి. అమ్ముడుపోక చిత్తుకాగితంగా తరలితే 4707. వార్తాపత్రికలు వేసే న్యూస్‌ప్రింట్ కాగితానికి 4801 వేరే ఉంది. ప్రకటనల సంచికకీ పత్రికకీ మధ్య గీత ఎక్కడ గీయాలో రోజూ ఈ పనిలో ఉన్న క్లియరింగ్ ఏజెంట్లు కూడా ఒకేలా చెప్పరు.

యునెస్కో ఆధ్వర్యంలో 1950లో వచ్చిన ఫ్లోరెన్స్ ఒప్పందం వల్ల చాలా దేశాల్లో పుస్తకాలు, పత్రికల మీద దిగుమతి సుంకం లేదు. పాఠకులకు ఇది మంచిదే. గణాంకాలకు మాత్రం దీని ప్రభావం వేరు. సుంకం ఉన్న సరుకైతే కోడ్ తప్పు పడితే అధికారి పట్టుకుంటాడు. సుంకమే లేనప్పుడు కోడ్ ఏది వేసినా ఎవరికీ నష్టం లేదు, కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ముందే చేసి చూసిన ప్రయోగం

నేను రాకముందే క్లయింట్ ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. పొరుగు దేశంలోని ఒక హోల్‌సేలర్‌కి సొంత మాసపత్రికను కొన్ని నెలలు పంపారు. పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే: అమ్ముడైనవాటికే డబ్బు, మిగిలినవి రిటర్న్. ఎగుమతి పత్రాల్లో పంపిన కాపీలన్నిటి విలువా పడింది. కొన్ని నెలలకి హోల్‌సేలర్ నుంచి ఒక కాగితం వచ్చింది. ఇన్ని కాపీలు అమ్ముడుపోలేదు, వాటిని చింపి చిత్తుకి వేశాం, దానికి ఇదే ధ్రువీకరణ అని. పత్రికలను తిరిగి మోసుకురావడం దండగ ఖర్చు కాబట్టి రిటర్న్‌లు చాలావరకు ఇలా కాగితం మీదే జరుగుతాయి. క్లయింట్ ఆ మేరకు బాకీ తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చి, సగానికి పైగా విలువ పుస్తకాల్లోంచి కొట్టేశారు.

ఈ వైఫల్యాన్ని సంస్థలో అందరూ హోల్‌సేలర్ చేతగానితనం కింద జమకట్టారు. నాకు అందులో కనిపించింది వేరు. వంద కాపీలు సరిహద్దు దాటి అందులో అరవై చిత్తుకి పోయినా, కస్టమ్స్ లెక్కలో వందా ఎగుమతే. క్రెడిట్ నోట్ కస్టమ్స్ దాకా వెళ్లదు. కాపీలు వెనక్కి రావు కాబట్టి దిగుమతిగానూ కనిపించవు. అంటే, మార్కెట్ తిప్పికొట్టిన ఈ ప్రయోగం కూడా ఫైనాన్స్ విభాగం గ్రాఫ్‌లో ఆ సంవత్సరపు పెరుగుదలకి తన వంతు తోడైంది. ఈ విషయం చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా మాట వినాలని వాళ్లకి అనిపించింది అప్పుడేనని అనుకుంటాను.

అద్దం డేటా ఎందుకు పనికిరాలేదు

ఇలాంటి కేసుల్లో ఎవరైనా ముందు చేసే పని మిర్రర్ డేటా చూడడం. ఒక దేశం "ఇంత పంపాను" అన్నదాన్ని, అవతలి దేశం "ఇంత వచ్చింది" అన్నదానితో పక్కపక్కన పెట్టడం. మామూలుగా దిగుమతి అంకె కొంచెం ఎక్కువుండాలి. ఎగుమతి విలువను అవతలి దాకా రవాణా ఖర్చు కలపని ఎఫ్‌ఓబీ లెక్కన, దిగుమతి విలువను రవాణా, బీమా కలిపి సీఐఎఫ్ లెక్కన రాస్తారు కదా. ఇక్కడ తిరగబడింది. పొరుగు దేశం చూపిన దిగుమతి, స్వదేశం చూపిన ఎగుమతి కంటే బాగా తక్కువ.

ఈ తేడా మీద చాలా సమయం పెట్టాం, దారి మాత్రం దొరకలేదు. కారణాలు లేక కాదు, మరీ ఎక్కువై. చిన్న విలువ సరుకులను పూర్తిగా నమోదు చేయకుండా వదిలేసే పరిమితులు దేశానికో రకంగా ఉంటాయి. కొంత సరుకు పొరుగు దేశం గుండా మూడో దేశానికి పోతుండవచ్చు. ఒకరు 4902 అని రాసింది అవతల 4911గా దిగి ఉండవచ్చు. ఇవన్నీ సాధ్యమే, ఏదీ డేటాను బట్టి రుజువు కాదు. అద్దంలో తేడా ఉందంటే అది అనుమానానికి ఆధారం, జవాబు కాదు. ఈ దారి ఇక్కడితో ఆపేద్దామని నేనే చెప్పాను. బ్యాంకు గడువు దగ్గరపడుతోంది, టెన్షన్ మొదలైంది. తేల్చలేని తేడా వెంట పడడం కంటే, తేల్చగలిగే ప్రశ్న ఒకటి వెతుక్కోవడం మేలనిపించింది.

విలువ, బరువు, నెల

తేల్చగలిగిన మొదటి ప్రశ్న చాలా సాదాది. గ్రాఫ్ దేన్ని కొలుస్తోంది? డబ్బునా, కాగితాన్నా? ఫైనాన్స్ విభాగం విలువ గీసింది. అదే డేటాలో పక్క గడిలో నికర బరువు కూడా ఉంది. బరువు గీస్తే చివరి మూడేళ్ల పెరుగుదల మాయమైపోయింది. ఆ ఏళ్లలో బరువు కొద్దిగా తగ్గింది కూడా. 2021, 2022లో కాగితం ధరలు ఎలా మండిపోయాయో ప్రెస్ నడిపేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంధనం ఖరీదైంది, 2022 మొదట్లో ఫిన్లాండ్‌లోని పెద్ద కాగితం మిల్లుల్లో సమ్మె నెలల తరబడి సాగింది. ఆ ఖరీదంతా ఎగుమతి విలువలోకి ఎక్కింది. తమాషా ఏమిటంటే, అదే సమయంలో కాగితం ధరల గురించి రోజూ తలపట్టుకున్న సంస్థే, ఎగుమతి గ్రాఫ్ చూసినప్పుడు దాన్ని పాఠకుల ఆసక్తి అనుకుంది.

బరువును కూడా గుడ్డిగా నమ్మకూడదు. ప్రకటనలు తగ్గితే పేజీలు తగ్గుతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి పలచని కాగితానికి మారతారు. కాపీలు అంతే ఉన్నా బరువు దిగుతుంది. అందుకే చివరి మూడేళ్ల తగ్గుదలను చూసి "పాఠకులు పోయారు" అని కూడా నేను రాయలేదు. రాయగలిగింది ఒక్కటే: ఆ ఏళ్లలో పెరుగుదలకి ఆధారం లేదు.

మొదటి ఐదేళ్ల సంగతేంటి? అక్కడ బరువు నిజంగానే పెరిగింది. దీనికి వార్షిక డేటా వదిలేసి నెలవారీ డేటా తీశాం. అప్పుడు బొమ్మ మారిపోయింది. వార్షిక గ్రాఫ్‌లో ఏటవాలుగా కనిపించిన ఎక్కుడు, నెలల్లో చూస్తే మెట్లుగా ఉంది. చాలాకాలం ఒకే మట్టం, ఒక నెలలో ఒక్కసారిగా పైకి, మళ్లీ అదే మట్టం. తర్వాత ఇంకో మెట్టు. మెట్టు సంవత్సరం మధ్యలో పడితే సగం బరువు ఈ ఏడాదిలో, మిగతాది వచ్చే ఏడాదిలో కలిసి, వార్షిక లెక్కలో చక్కని వాలుగా కనిపిస్తుంది. ఈ కేసులో అన్నిటికంటే పనికొచ్చిన పరిశీలన ఇదే. పాఠకులు పెరిగితే ఆ పెరుగుదల మెల్లగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇరవై వేల మంది ఒకే నెలలో చందా కట్టరు. మెట్టు కనబడిందంటే దాని వెనక ఒక సంతకం ఉన్నట్టు. ఎవరో ఎవరితోనో కాంట్రాక్టు కుదుర్చుకున్నారు.

కిలోకి ఎంత పడుతోంది

కాంట్రాక్టు అన్న ఊహను పరీక్షించడానికి కిలో ధర లెక్కగట్టాం. దీని వెనక ఉన్న తర్కం కొంచెం వివరంగా చెప్పాలి.

200 గ్రాముల పత్రిక అనుకుందాం, కిలోకి ఐదు కాపీలు. ముఖవిల, అంటే అట్ట మీద వేసిన ధర, 10 అనుకుంటే, హోల్‌సేలర్‌కి సగం ధరకి ఇచ్చినా కిలోకి 25 పడుతుంది. అదే పత్రిక యజమాని అవతలి దేశంలో ఉండి, ఇక్కడి ప్రెస్‌లో అచ్చు మాత్రమే వేయించుకుంటే? అప్పుడు ఇన్‌వాయిస్‌లో ఉండేది అచ్చు కూలి, కాగితం ఖర్చు. కాపీకి 1 అనుకుంటే కిలోకి 5. సరుకు చూడటానికి ఒకటే, కోడ్ ఒకటే, బరువు ఒకటే. లెక్కలో మాత్రం అయిదింతల తేడా.

కస్టమ్స్ విలువ కట్టే నియమాలు కూడా ఈ తేడాను నిలబెడతాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ కస్టమ్స్ వాల్యుయేషన్ ఒప్పందంలో ఎనిమిదో అధికరణం ప్రకారం, దిగుమతిదారు ఉచితంగా సరఫరా చేసిన సామగ్రి విలువను సరుకు విలువకి కలపాలి. అంటే పత్రిక యజమాని తన కాగితం తనే ప్రెస్‌కి పంపినా దాని ఖరీదు లెక్కలోకి వస్తుంది. డిజైన్, ఆర్ట్‌వర్క్ లాంటి పని దిగుమతి దేశంలోనే జరిగితే మాత్రం కలపక్కర్లేదు. పొరుగు దేశపు సంపాదకులు, ఫొటోగ్రాఫర్లు, లేఅవుట్ ఆర్టిస్టులు అక్కడే కూర్చుని చేసిన పని కాబట్టి, తిరిగొచ్చిన పత్రిక కస్టమ్స్ విలువలో వాళ్ల కష్టం ఉండదు. సరిహద్దులో తూకం వేసేది సిరా పడిన కాగితాన్నే.

మా లెక్కలో కిలో ధర ప్రతి మెట్టు దగ్గరా పడిపోయింది. కొత్తగా చేరిన సరుకు చవక సరుకు, అంటే అచ్చు పని. మెట్లకి ముందున్న కిలో ధర, పత్రికను హోల్‌సేలర్‌కి అమ్మే ధరకి దగ్గరగా ఉండేది. ఊహ బలపడింది.

ఆ తర్వాత చేసినది గణాంకాల పని కాదు. పొరుగు దేశంలో అమ్మకానికి ఉన్న వారపత్రికలు, మాసపత్రికలు ఒక కట్ట తెప్పించి, లోపలి పేజీల్లో అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఉండే వరస చదివాం. సంపాదకుడు, ప్రచురణకర్త, ఆఫీసు అడ్రసు, చివర "ముద్రణ" అని ప్రెస్ పేరు. ప్రచురణకర్తలందరూ పొరుగు దేశం వాళ్లే. ప్రెస్‌లలో మాత్రం సగం పైగా స్వదేశానివి, అందులో కొన్ని క్లయింట్‌కి బాగా తెలిసిన పోటీదారులవి. యజమాని ఒక పత్రికను కిటికీ వెలుగులోకి తిప్పి, మడత దగ్గర కుట్టు పిన్నులు చూసి, ఆ ప్రెస్ పేరు చదవకుండానే చెప్పేశారు. తరవాత ఫోన్లు చేస్తే మిగతా కథ తేలింది. పొరుగు దేశంలో పెద్ద ప్రెస్ ఒకటి మూతపడింది, ఆ పని ఒక నెలలో ఇటు తరలింది. అదే మొదటి మెట్టు. కొన్నేళ్లకి ఇంకోటి మూతపడింది, అది రెండోది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఇదే కాబట్టి ఆగి చెబుతున్నాను. పొరుగు దేశంలో పాఠకులు తగ్గారు. తగ్గడం వల్లే అక్కడి ప్రెస్‌లు నిలబడలేకపోయాయి. నిలబడలేక మూతపడ్డాయి కాబట్టే అచ్చు పని సరిహద్దు దాటింది. ఎగుమతి పెరగడానికి కారణం పాఠకులు తగ్గడమే. యూరప్‌లో గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్లతో భారీగా అచ్చేసే పద్ధతి), హీట్‌సెట్ ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడినప్పుడు మిగిలిన ప్లాంట్లున్న దేశాల ఎగుమతులకి ఇలాంటి ఊపే వచ్చింది. కుంచించుకుపోతున్న రంగంలో సరిహద్దు దాటే సరుకు కొంతకాలం పెరుగుతుంది, ఎందుకంటే మిగిలిన పనంతా మిగిలిన కొద్ది చోట్లకి చేరుతుంది.

దీనికి ఎదురుగా, పాఠకులు పెరిగినా సరిహద్దులో ఏమీ కనిపించని సందర్భాలూ ఉన్నాయి. లండన్ దినపత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ 1979లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు మొదలుపెట్టాక, అక్కడ అమ్మే కాపీలు లండన్ నుంచి ఎగుమతి కావలసిన పని తప్పింది. కెనడాలో అయితే 1993లో అమెరికన్ పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కెనడా ఎడిషన్ పేజీలను ఉపగ్రహం ద్వారా పంపి అక్కడే అచ్చేశారు. అలాంటి ఎడిషన్లను, అంటే కెనడా ప్రకటనలు నింపుకున్న విదేశీ పత్రికలను, సరిహద్దులో ఆపడానికి కెనడా పెట్టుకున్న దిగుమతి నిషేధం కాగితాన్ని ఆపగలదు, సిగ్నల్‌ని ఆపలేదు. తరవాత ప్రకటనల విలువ మీద 80 శాతం ఎక్సైజ్ పన్ను వేయడం, అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లడం, 1997లో కెనడా ఓడిపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన చరిత్రే.

లెక్కలో లేని పాఠకులు

ఎడిషన్ పథకానికి పునాది లేదని తేలింది. రిపోర్ట్ అక్కడితో ముగించవచ్చు. కానీ యజమాని ఒక మాట పట్టుకున్నారు. "మా చందాదారులు అక్కడ కొందరు ఉన్నారండీ, ఏళ్ల తరబడి. వాళ్లు ఈ లెక్కలో ఎక్కడున్నారు?"

ఎక్కడా లేరు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2009లో తెచ్చిన, దేశాల విదేశీ చెల్లింపులను లెక్కగట్టే బీపీఎమ్6 మాన్యువల్ ప్రకారం, పాఠకుడికి విడిగా నేరుగా వెళ్లే చందా కాపీ సరుకు కిందికి రాదు, సమాచార సేవ కిందికి వస్తుంది. టోకున కట్టలుగా వెళ్లేవే సరుకు. కాబట్టి క్లయింట్ నెలనెలా అడ్రసు చీటీ అంటించి తపాలాలో వేసే కాపీలు 4902 గ్రాఫ్‌లో ఒక్కటీ లేవు. గ్రాఫ్ చూపించిన మార్కెట్ క్లయింట్‌ది కాదు, క్లయింట్‌కి ఉన్న మార్కెట్ గ్రాఫ్‌లో లేదు.

చందా రిజిస్టర్ తెప్పించి పిన్‌కోడ్‌ల వారీగా సర్దాం. పొరుగు దేశపు చందాదారులు సంఖ్యలో తక్కువే, కానీ రెండు మూడు నగరాల చుట్టూ గుమిగూడి ఉన్నారు. పునరుద్ధరణ స్వదేశం కంటే మెరుగ్గా ఉంది. మానేసినవాళ్లు రాసిన కారణాల్లో ఎక్కువసార్లు కనిపించింది ఒకటే: పత్రిక ఆలస్యంగా రావడం, కొన్నిసార్లు అసలు రాకపోవడం. రాతల గురించి ఫిర్యాదు దాదాపు లేదు.

ఏం చేశాం, ఏది నిలబడింది

రెండు నిర్ణయాలు వేరువేరుగా తీసుకోవాలని చెప్పాను. ఒకటి పత్రిక అమ్మే వ్యాపారం, రెండోది అచ్చు పని అమ్మే వ్యాపారం. ఒకే ప్రెస్ లోంచి వస్తాయి కాబట్టి అవి ఒకటే అనిపిస్తుంది. ఒకదానిలో కొనేది పాఠకుడు, రెండోదానిలో కొనేది పత్రిక యజమాని.

పాఠకుల వైపు, అక్కడే స్థానికంగా అచ్చేయడం గురించి ముందు ఆలోచించాం. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు ఎక్కించి, రంగులు కుదిరేదాకా తిప్పి పారేసే కాగితం ఖర్చు కొన్ని వందల కాపీల మీద పడితే కాపీ ధర భరించలేం. డిజిటల్ ప్రింటింగ్ కొటేషన్లూ ఆశాజనకంగా లేవు. చివరికి విడివిడిగా తపాలాలో వేయడం మానేసి, చందా కాపీలన్నీ ఒకే కన్‌సైన్‌మెంట్‌గా సరిహద్దు దాటించి, అవతలి తపాలా వ్యవస్థలో అక్కడి దేశీయ రేటుకి వేశాం. క్లియరింగ్ ఖర్చు కన్‌సైన్‌మెంట్‌కి ఇంత అని ఉంటుంది, కాబట్టి కాపీలు గుమిగూడి ఉన్న నగరాలకే ఇది గిట్టుబాటు. మిగతావాళ్లకి పాత పద్ధతే. సుంకం లేకపోయినా దిగుమతి మీద అక్కడి దేశీయ అమ్మకపు పన్ను పడుతుంది, అది చందా ధరలో కలపాల్సి వచ్చింది. పత్రిక వేగంగా చేరింది, మానేసేవాళ్లు తగ్గారు. కన్‌సైన్‌మెంట్‌కి కస్టమ్స్ డిక్లరేషన్ పడుతుంది కాబట్టి, పాఠకుడు ఒక్కడు పెరగకుండానే ఆ కాపీలు ఇప్పుడు 4902 లెక్కలోకి ఎక్కుతున్నాయి. ఎవరైనా మళ్లీ గ్రాఫ్ గీస్తే ఇంకో చిన్న మెట్టు కనిపిస్తుంది.

అచ్చు పని వైపు మొదటి ప్రయత్నం ఫలించలేదు. పొరుగు దేశపు వారపత్రిక ఒకదానికి టెండర్ వేశారు. ధరలో తక్కువే కోట్ చేశారు. అయినా పోయింది. వారపత్రికకి ధర కంటే గంట ముఖ్యం. లారీ సరిహద్దు దగ్గర ఆగిపోయి పంపిణీ కేంద్రానికి కొద్ది గంటలు ఆలస్యమైతే ఆ వారం అమ్మకం పోయినట్టే. మీ మిషన్ చెడితే ఏ ప్రెస్‌లో వేస్తారు అని వాళ్లు అడిగారు, దానికి క్లయింట్ దగ్గర జవాబు లేదు. ఒకే మిషన్ ఉన్న ప్రెస్ వారపత్రిక జోలికి పోకూడదని నిర్ణయించి, గడువు సడలింపున్న పత్రికల వైపు తిరిగాం. మూతపడిన ప్రెస్‌ల పని ఎవరెవరికి వెళ్లిందో, ఏ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో ఆ ముద్రణ వరసల జాబితా నుంచే కనుక్కున్నాం. రెండు మాసపత్రికలు, ఒక పక్షపత్రిక దొరికాయి.

కొత్త ప్రెస్ కొనలేదు. అవసరమైంది పేజీలు కుట్టి, అంచులు కోసి, అడ్రసు చీటీలు వేసే లైన్ మాత్రమే, అదీ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. బ్యాంకు మేనేజర్‌కి మొదట ఇది నచ్చలేదు. పెరిగే గ్రాఫ్ ఉన్న ప్రాజెక్టుకి అప్పిస్తామన్నవాళ్లు, గ్రాఫ్ తీసేసిన ప్రాజెక్టును అనుమానంగా చూశారు. సంతకమైన కాంట్రాక్టులు ముందు పెట్టాక ఒప్పుకున్నారు. అప్పు మొదట అడిగినదానిలో చిన్న భాగమే.

తరవాతి కేసుల్లోకి తీసుకెళ్లినవి

ఇప్పుడు ఏ ముద్రిత సరుకు గ్రాఫ్ వచ్చినా విలువ, బరువు పక్కపక్కన పెట్టకుండా మాట్లాడను. నెలవారీ డేటా దొరికితే వార్షికం ముట్టుకోను. మెట్టు కనిపిస్తే, దాని వెనక ఏ ప్రెస్ మూతపడిందో, ఏ కాంట్రాక్టు కుదిరిందో వెతుకుతాను. పంపిన సరుకు సొంతదారు ఎవరు, ఏ ధర ఇన్‌వాయిస్‌లో ఉంది, అమ్ముడుపోనివి ఏమవుతాయి అన్న మూడూ మొదటి ఫోన్‌లోనే అడుగుతాను. మిర్రర్ డేటా మీద అంత సమయం ఇప్పుడు పెట్టను, సుంకం లేని సరుకుల విషయంలో అయితే అసలు పెట్టను.

కాంట్రాక్టుల్లో రెండు షరతులు పట్టుబట్టి రాయించాం. కాగితం ధర సూచీతో పాటు అచ్చు ధర మారాలన్నది ఒకటి, దానికి పెద్దగా అభ్యంతరం రాలేదు. సంచికల సంఖ్య తగ్గిస్తే ముందస్తు నోటీసు, కొంత కనీస చెల్లింపు ఉండాలన్నది రెండోది, దాని మీద చాలా బేరం జరిగింది. పని ఒక మెట్టుగా వచ్చింది కాబట్టి ఒక మెట్టుగానే పోతుందని నా భయం. ఈ మధ్యే పక్షపత్రిక యజమాని ఇకనుంచి నెలకొకసారే తెస్తామని నోటీసు పంపారు. రెండో షరతు కింద డబ్బు వస్తోంది. అది ఆగేలోపు నెలలో ఆ ఖాళీ రోజులకి ఇంకో పత్రిక దొరుకుతుందా అన్నదాని మీద ఇప్పుడు క్లయింటూ నేనూ కూర్చుని పని చేస్తున్నాం.